మా తమ్ముడి వయసు పదహారు

పోలీస్ స్టేషన్‌లో నాకు చూపించిన కాగితంలో మా తమ్ముడి పేరు పక్కన ‘వయసు 18’ అని రాసి ఉంది. "వాడికి పదహారే సార్" అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన తలెత్తకుండా వాడి ఆధార్ కార్డు టేబుల్ మీద నా వైపు తోశాడు. పుట్టిన తేదీ 01-01-2005. అది 2023 ఫిబ్రవరి రెండో వారం, గురువారం రాత్రి. ఆ కార్డు లెక్కన వాడికి పద్దెనిమిది నిండి నెల దాటింది.

ఆ తేదీ ఎలా పడిందో నాకు తెలుసు. 2011లో మా బస్తీలో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు నేనూ లైన్‌లో ఉన్నాను. చేతిలో ఏ కాగితమూ లేదు. కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి "పిల్లాడికి ఎన్నేళ్లు?" అంటే నాన్న "ఆరుంటాయి" అన్నాడు. నిజానికి అప్పటికి ఐదే. అతను ఆరు లెక్కేసుకుని, ఒకటో తారీకు ఒకటో నెల కొట్టేశాడు. మా బస్తీలో చాలామంది పుట్టినరోజు కార్డుల్లో జనవరి ఒకటే. పన్నెండేళ్ల పాటు ఆ తప్పుతో మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

ముందు వాడు చేసిన పని చెప్పాలి. అది దాచి మిగతాది రాస్తే అర్థం ఉండదు. మా ఇంటికి రెండు వీధుల అవతల బైక్ మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడికి వచ్చే ఇద్దరు, ఒకడికి ఇరవై ఒకటి, ఇంకొకడికి ఇరవై మూడు, రోడ్డు పక్కన పెట్టిన బళ్ల హ్యాండిల్ లాక్ విరగ్గొట్టి తీసుకెళ్లి అమ్ముతున్నారు. మా తమ్ముడు రెండుసార్లు వాళ్లతో వెళ్లాడు. మొదటిసారి సందు చివర నిలబడి ఎవరైనా వస్తున్నారేమో చూశాడు. రెండోసారి ఒక స్ప్లెండర్‌ను వాడే నడిపాడు. వెహికల్ చెకింగ్‌లో దొరికాడు. ఆ బండి ఒక కూరగాయల వ్యాపారిదని తర్వాత తెలిసింది. తెల్లవారుజామున మార్కెట్‌కు పోవడానికి ఆయనకున్నది అదొక్కటే.

నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ కౌంటర్లో పని చేస్తాను. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. నాన్న ఆటో నడిపేవాడు. 2021 మే నెలలో, కరోనా రెండో వేవ్‌లో పోయాడు. పోలీసుల నుంచి ఫోన్ వచ్చినప్పుడు అమ్మ మిషన్ మీద ఉంది. నేను చెప్పింది విని, కుడుతున్న అంచు పూర్తి చేసి, దారం తెంపి, అప్పుడు లేచింది. ఆమెకు విషయం ఎక్కలేదని నాకు ఆటోలో అర్థమైంది. దారి పొడవునా "వాడు అన్నం తినలేదు" అంటూనే ఉంది.

స్టేషన్ బయట ఒకాయన మా దగ్గరికి వచ్చి, ఇరవై వేలిస్తే పేరు లేకుండా చేయిస్తానన్నాడు. ఎవరో ఏమిటో తెలియదు. అమ్మ చెవి కమ్మల మీద చెయ్యి వేసింది. నేను ఆపాను. తెలివితో ఆపలేదు, భయంతో ఆపాను. అవి కూడా పోతే తర్వాత దేన్ని పట్టుకుని నిలబడాలో తెలియలేదు. రాత్రంతా ఎదురుగా ఉన్న టీ కొట్టు అరుగు మీద కూర్చున్నాం.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురినీ మేజిస్ట్రేట్ కోర్టుకు తెచ్చారు. వాడు నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. ఎడమ చెంప వాచి ఉంది. అక్కడ ఒక లాయర్ మేడం, ముప్పై ఏళ్లుంటాయేమో, ముగ్గురి దగ్గరికీ వరసగా వచ్చి మాట్లాడుతోంది. సొంత లాయర్ లేనివాళ్ల కోసం న్యాయ సేవాధికార సంస్థ తరఫున కోర్టులో ఉండే రిమాండ్ అడ్వకేట్ ఆమె. ఆ మాట నేను వినడం అదే మొదలు. మా వాడి దగ్గర ఆగి, వయసు అడగకుండా "టెన్త్ ఎప్పుడు రాశావ్?" అంది. "పోయినేడాది" అన్నాడు. ఆమె కళ్లు అప్పుడు వాడి మొహం మీద నిలిచాయి. మీసం కూడా సరిగ్గా రాని మొహం. వెంటనే నా దగ్గరికి వచ్చింది.

"టెన్త్ మెమో ఉందా?"

"కాలేజీలో ఉంది మేడం. ఫీజు బాకీ ఉందని ఇవ్వడం లేదు."

"చదివిన స్కూల్ ఎక్కడ?"

చెప్పాను. "జడ్జి గారితో నేను మాట్లాడతా. నువ్వు ఇప్పుడే స్కూల్‌కు వెళ్లు. అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్న పుట్టిన తేదీని హెడ్‌మాస్టర్‌తో రాయించి, సంతకం, స్టాంపు వేయించుకుని రా. అఫిడవిట్లూ గిఫిడవిట్లూ వద్దు, రిజిస్టర్లో ఉన్నది కావాలి" అంది.

అప్పుడు నాకు తెలియని సంగతి, ఇప్పుడు బాగా తెలిసిన సంగతి ఇది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వయసు తేల్చడానికి ఒక వరస పెట్టింది. ముందు స్కూల్ ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీయో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువీకరణ. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ వరసలో ఆధార్ లేదు. కోర్టులో ఎవరైనా తాను పద్దెనిమిది లోపని చెప్తే మేజిస్ట్రేట్ దాన్ని విచారించి తేల్చాలి, లోపే అని తేలితే పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. కేసు ఏ దశలో ఉన్నా ఆ మాట ఎత్తవచ్చు.

ఆటో మాట్లాడుకుని స్కూల్‌కు వెళ్లాను. హెడ్‌మాస్టర్ గారు లంచ్ డబ్బా మూస్తున్నారు. నేను ఏడుస్తూ చెప్పింది ఆయనకు సగమే అర్థమైనట్టుంది, కానీ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా బీరువా తాళం తీశారు. పెద్ద రిజిస్టర్, అట్ట ఊడిపోయి గుడ్డతో కట్టింది. వేలితో వరసలు దిగుతూ వచ్చి ఒక చోట ఆగారు. నాన్న సంతకం. కూడబలుక్కుని పెట్టిన సంతకం, చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది. దాని పక్కన 14-08-2006. నాన్న పోయాక ఆయన చేతిరాత నేను చూడటం అదే. హెడ్‌మాస్టర్ గారు సర్టిఫికెట్ రాసి, స్టాంపు ప్యాడ్ ఎండిపోతే రెండు చుక్కలు నీళ్లు పోసి, గట్టిగా ఒత్తి ఇచ్చారు. "వాడు క్లాసులో ఫ్యాన్లు బాగు చేసేవాడమ్మా" అన్నారు.

నాలుగున్నరకు కోర్టులో ఉన్నాను. మేజిస్ట్రేట్ గారు కాగితం చూసి, వాడిని నాలుగు ప్రశ్నలడిగి, వయసు నమోదు చేసి, బోర్డు ముందు హాజరుపరచమన్నారు. మిగతా ఇద్దరిని చంచల్‌గూడ జైలుకు పంపారు. ఒక్క కాగితం, ఇంకో గంట ఆలస్యమైతే మా తమ్ముడు కూడా అదే వ్యాన్ ఎక్కేవాడు.

ఆ సాయంత్రం బోర్డు కూర్చోలేదు. అలాంటప్పుడు బోర్డు సభ్యుల్లో ఒకరి ముందు హాజరుపరచవచ్చట. వాళ్ల ఇంటికి తీసుకెళ్లారు. పోలీసులు మామూలు బట్టల్లోకి మారారు. బోర్డు అంటే ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో ఒకరైనా ఆడవాళ్లు ఉండాలి. మేం వెళ్లింది ఆ సభ్యురాలి ఇంటికి. ఆమె వాడిని కుర్చీలో కూర్చోమంది. వాడు గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. "కూర్చో బాబూ, నీతోనే మాట్లాడాలి" అని రెండోసారి చెప్పాక అంచు మీద కూర్చున్నాడు. నీళ్లిచ్చింది. "చెంప ఏమైంది?" అంది. "పడ్డాను" అన్నాడు. ఆమె పోలీసులను వరండాలోకి వెళ్లమని, మళ్లీ అడిగింది. ఈసారి వాడు చెప్పాడు. ఆమె రాసుకుంది, డాక్టర్‌కు చూపించాలని ఆర్డర్లో పెట్టింది. పద్దెనిమిది లోపు పిల్లలను లాకప్‌లో పెట్టకూడదని, బేడీలు వెయ్యకూడదని, పట్టుకున్న ఇరవై నాలుగు గంటల్లోపు బోర్డు ముందుకు తేవాలని, ప్రతి స్టేషన్‌లో పిల్లల విషయం చూసే అధికారి ఒకరు ఉండాలని ఆమె నోటి నుంచే విన్నాను. ముందు రాత్రి అవేవీ జరగలేదు. కార్డు మీద ఒక అంకె చూసి వాడిని పెద్దవాడిని చేసేశారు.

కానీ ఆ పని మొదలుపెట్టింది పోలీసులు కాదు. ఆ సంగతికి వస్తాను.

వాడిని, కేసు తేలేదాకా పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కు పంపారు. బెయిల్ మీద బోర్డు నిర్ణయం తీసుకోవడానికి మంగళవారం దాకా ఆగాలి. ఆదివారం కలవనిచ్చారు. వాడు వచ్చి కూర్చుని, మొట్టమొదట అడిగిన మాట: "అమ్మ బ్లౌజులు ఎవరు ఇచ్చొస్తున్నారు? శనివారం పెళ్లివాళ్లవి ఏడు ఉండె కదా." సైకిల్ మీద ఇళ్లకు డెలివరీ ఇచ్చేది వాడే. నేను ఇచ్చొచ్చానని చెప్పాను. "పైసలు అడిగినవా? అడగకుంటే ఇయ్యరు వాళ్లు" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మంగళవారం బోర్డు గది చూశాను. నా ఊహలో బోను ఉంది, ఎత్తు మీద జడ్జి ఉన్నారు. అక్కడ ఒక మామూలు బల్ల, చుట్టూ ఒకే ఎత్తు కుర్చీలు. బోర్డు కోర్టు ఆవరణలో కాకుండా హోమ్‌లోనో దాని దగ్గర్లోనో కూర్చోవాలని, ఎత్తు వేదికలు, బోనులు ఉండకూడదని నిబంధనల్లోనే ఉందట. అమ్మ పక్కనే వాడిని కూర్చోబెట్టారు. మేజిస్ట్రేట్ గారు వాడితో తెలుగులోనే మాట్లాడారు. "నీ మీద ఏం రాశారో నీకు తెలుసా?" అని అడిగి, తెలియదంటే, ఒక్కో వాక్యం చదివి వివరించారు.

లాయర్ మేడం ఆ రోజూ వచ్చింది. పిల్లల కేసుల్లో ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి, ఆదాయంతో పని లేదు. మా దగ్గర రూపాయి తీసుకోలేదు. ఆమె చెప్పాకే కేసు ఏంటో నాకు తెలిసింది. దొంగతనానికి ఎక్కువలో ఎక్కువ మూడేళ్ల శిక్ష ఉంది కాబట్టి ఈ చట్టం ప్రకారం అది చిన్న నేరం. మామూలుగా ఇలాంటి వాటికి పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టరు, స్టేషన్ డైరీలో రాసుకుని, ఇంటి పరిస్థితుల మీద ఒక రిపోర్టుతో బోర్డుకు ఇస్తారు. మావాడు పెద్దవాళ్లతో కలిసి చేశాడు కాబట్టి ఎఫ్‌ఐఆర్ అయింది. అయినా విచారణ వాళ్లతో కలిపి జరగదు, వీడిది విడిగా బోర్డులోనే.

ఆ రోజే బెయిల్ ఇచ్చారు. పూచీదారుల కోసం మా మేనమామ ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు కానీ అవసరం పడలేదు. పిల్లల బెయిల్ పూచీతోనూ ఇవ్వొచ్చు, లేకుండానూ ఇవ్వొచ్చు. వదిలితే మళ్లీ నేరగాళ్ల చేతిలో పడతాడనో, పిల్లాడికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో అనిపిస్తే తప్ప ఇవ్వాల్సిందే, కాదంటే కారణం రాయాలి. ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో ఉండాలని, షెడ్డు వైపు పోకూడదని, పిలిచినప్పుడల్లా రావాలని చెప్పారు. అమ్మ బాండు మీద సంతకం పెట్టింది.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు చుట్టాల ఫోన్లే. మా చిన్నాన్న "పదహారు దాటితే పెద్దోళ్ల లెక్కనే విచారిస్తరంట కదా, ఢిల్లీ కేసు తర్వాత చట్టం మార్చిన్రు కదా" అన్నాడు. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు లాయర్ మేడంకు ఫోన్ చేశాను. 2012 డిసెంబర్ ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వచ్చిన చట్టమే ఇది, 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లను పెద్దవాళ్లలా విచారించే వీలు ఘోరమైన నేరాలకే, అంటే కనీస శిక్షే ఏడేళ్లు, ఆ పైన ఉన్న వాటికే ఉంది. అప్పుడు కూడా బోర్డు ముందుగా ఆ పిల్లాడి మానసిక స్థితి, అర్థం చేసుకునే శక్తి అంచనా వెయ్యాలి. "మీ తమ్ముడి కేసుకు అది వర్తించదు, అమ్మను పడుకోమను" అంది.

ఇంకో దెబ్బ మా బస్తీ వాట్సాప్ గ్రూపులో తగిలింది. ‘బైక్ దొంగల ముఠా’ అని ముగ్గురి పేర్లు, వాడి స్కూల్ ఫొటో. ఆ ఫొటో వాళ్లకు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. కేసులో ఉన్న పిల్లల పేరు, ఫొటో, స్కూలు, ఇల్లు తెలిసేలా ఏదీ ఎవరూ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మేడం ఆ సెక్షన్ నాకు పంపింది. నేను దాన్ని గ్రూపులో పెట్టి, కింద "నా తమ్ముడి ఫొటో తియ్యండి" అని రాశాను. అరగంటలో తీసేశారు. చూడాల్సినవాళ్లు అప్పటికే చూసేశారు. అమ్మకు బ్లౌజులిచ్చే ఇళ్లలో రెండు ఇళ్లు మానేశాయి.

తర్వాతి వారం ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికి వచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో నేను మర్చిపోలేని రోజు అది. మొదటిసారి హాజరుపరచిన పదిహేను రోజుల్లో సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు ఇవ్వాలి కాబట్టి ఆయన ఫైలు పట్టుకుని వచ్చి, మా రెండు గదుల ఇంట్లో మిషన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. యాభై దాటిన మనిషి. పోలీసు ప్రశ్నలు అడుగుతారనుకున్నాను.

"రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు?"

అమ్మ పదింటికంది. నేను పన్నెండన్నాను. వాడిని అడిగితే "రెండు" అన్నాడు.

"కాలేజీ ఎందుకు మానేశాడు?"

మానేశాడన్న సంగతే మాకు స్టేషన్‌లో తెలిసింది. వాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఎంపీసీ, ఇంగ్లిష్ మీడియం. ఫీజు రెండో విడత కట్టలేదు. క్లాసులో లేపి నిలబెట్టారట, ఫీజు కట్టనివాళ్లందరినీ. దసరా సెలవుల తర్వాత వాడు వెళ్లలేదు. రోజూ పొద్దున బ్యాగు వేసుకుని షెడ్డుకు వెళ్లేవాడు. "అమ్మను అడిగితే ఫీజు ఎక్కడ తెస్తది సార్" అన్నాడు. నాకు జీతం వస్తుంది, నన్ను అడగొచ్చు కదా అన్నాను. "నువ్వు నాయిన హాస్పిటల్ అప్పు కడుతున్నవ్ కదా అక్కా" అన్నాడు. ఆ అప్పు లెక్క వాడికి తెలుసని నాకు తెలియదు.

"నాన్న పోయినప్పుడు ఏడ్చాడా?"

ఎవరమూ మాట్లాడలేదు. ఆ రోజుల్లో శవాన్ని కూడా ఇంటికి ఇవ్వలేదు. మేనమామ ఒక్కడే దూరం నుంచి చూశాడు. పదో రోజున వచ్చిన చుట్టాలందరూ వాడి భుజం మీద చెయ్యేసి ఒకే మాట అన్నారు: "ఇగ ఇంటికి మగదిక్కువు నువ్వే బిడ్డా, అమ్మను అక్కను నువ్వే చూసుకోవాలె." నేనూ అన్నాను. గ్యాస్ సిలిండర్ మొయ్యాలన్నా, రాత్రి తొమ్మిదికి నేను బస్సు దిగితే తీసుకురావాలన్నా "నువ్వు మగపిల్లాడివి కదరా" అన్నాను. అప్పుడు వాడికి పద్నాలుగు. ఇంటి లెక్కలో వాడిని నేను పెద్దవాడిని చేసింది ఆధార్ కార్డు కంటే ముందే.

ఆయన ఇంకా అడిగారు. నాన్న ఆటో ఏమైందని అడిగారు. అప్పుల్లో అమ్మేశాం. వాడు రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేవాడు. ఆదివారం నాన్నతో కలిసి ప్లగ్గు తీసి గీకేవాడు. కొన్నాయన తీసుకెళ్లిన రోజు వాడు ఇంట్లో లేడు, ఎక్కడికి పోయాడో మేం అడగలేదు. ఆ నెల నుంచే షెడ్డు దగ్గర కూర్చోవడం మొదలైందని ఆ రోజు ఆయన అడిగితే తేలింది. అక్కడ పనిముట్లు పట్టుకోనిచ్చేవాళ్లు. ఆ ఇద్దరు బిర్యానీ పెట్టించేవాళ్లు, ఫోన్ రీచార్జ్ చేయించేవాళ్లు, "తమ్మీ" అని పిలిచేవాళ్లు. రెండో బండికి వాడికి పదిహేను వందలిచ్చారు. ఆ డబ్బు పెట్టి కాలేజీలో మెమో అడిగాడట. చాలదన్నారు.

వాడు అప్పుడు ఏడ్చాడు. రెండేళ్లలో మొదటిసారి. ఆఫీసర్ రాయడం ఆపి, కళ్లజోడు తీసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అమ్మ వెళ్లి వాడి తల కడుపుకు ఆనించుకుంది. వాడు ఆమె కంటే ఎత్తు, కూర్చుని ఉన్నాడు కాబట్టి అందాడు.

తర్వాత నాలుగు నెలల్లో ఏడుసార్లు బోర్డుకు వెళ్లాం. మొదటిసారి హాజరైన దగ్గర నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగియాలి, కారణం రాసి ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు. ప్రతిసారీ నేను సెలవు పెట్టాలి, అమ్మ పని ఆగాలి. ఒకసారి కూరగాయల వ్యాపారి వచ్చాడు. మాకు ఆయన మొహం చూసే ధైర్యం లేదు. "బండి దొరికింది సరే, అది నా చేతికి వచ్చేదాంక ఆటో మాట్లాడుకుని మార్కెట్‌కు పోయిన. ఆ పైసలెవరిస్తరు?" అన్నాడు. న్యాయమైన మాట. ఎవరూ చెప్పకపోయినా అమ్మ నాలుగు వేలు రెండు విడతల్లో ఇచ్చింది. రెండోసారి ఇవ్వడానికి వాడినే పంపింది. ఏం మాట్లాడుకున్నారో వాడు చెప్పలేదు. వచ్చేటప్పుడు చేతిలో రెండు కట్టలు తోటకూర ఉంది.

ఒక రోజు బస్టాప్‌లో ఆ ఇద్దరిలో చిన్నవాడి తల్లిని కలిశాను. ఆమె చంచల్‌గూడ ములాఖత్ నుంచి వస్తోంది. కోపం రావాలి, నాకు రాలేదు. ఆమె కొడుకు కూడా తొమ్మిదిలో బడి మానేశాడట, పదిహేనేళ్లప్పుడు ఒకసారి ఫోన్ దొంగతనంలో దొరికితే ఎవరో డబ్బు తీసుకుని విడిపించారట. "అప్పుడు కేసు కానందుకు సంతోషపడ్డమమ్మా" అంది. మా వాడిని ఇరికించినవాడి తల్లి పక్కన కూర్చుని, ఆమె బస్సు వచ్చేదాకా నేను లేవలేకపోయాను. ఆ రోజు వాడి గురించి కూడా ఇంటికొచ్చి ప్రశ్నలడిగే మనిషి ఒకరు ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కానీ ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

జూన్ మొదటి వారంలో ఆర్డర్ వచ్చింది. వాడు తప్పు చేశాడని తేల్చారు. మందలించి, కౌన్సెలింగ్‌కు, సమాజ సేవకు పంపి, మంచి నడవడిక మీద ఒక ఏడాది అమ్మ సంరక్షణలో వదిలారు. తప్పు తేలిన పిల్లలను ఉంచే ప్రత్యేక హోమ్‌కు మూడేళ్ల దాకా పంపే అధికారం వాళ్లకుంది. అందుకు కారణం కనిపించలేదని, రిపోర్టులో చదువు ఆగిపోవడం గురించి ఉన్న భాగాన్ని మేజిస్ట్రేట్ గారు చదివి వినిపించారు. పెద్దయ్యాక ఉద్యోగానికి ఇది అడ్డా అని నేనడిగాను. బోర్డు తేల్చిన తప్పు వల్ల వాడికి ఏ అనర్హతా అంటదని, అప్పీలు గడువు దాటాక ఆ రికార్డును ధ్వంసం చెయ్యాలని చట్టమే చెప్తోందని ఆ సభ్యురాలు వివరించారు. వాడు వింటున్నాడో లేదో తెలియలేదు, గోళ్లు చూసుకుంటున్నాడు. బయటికొచ్చాక "కాల్చేస్తరా అక్కా ఆ కాయితాలు?" అని అడిగాడు.

సమాజ సేవ ఒక వృద్ధాశ్రమంలో పడింది, ఎనిమిది ఆదివారాలు. మొదటి రెండు వారాలు మొహం వేలాడేసుకుని వెళ్లాడు. నీళ్ల డ్రమ్ములు నింపడం, కూరగాయలు తరగడం. మూడో వారం అక్కడి వీల్‌చైర్ చక్రం బేరింగ్ పోయిందని ఇంటి నుంచి స్పానర్ తీసుకెళ్లాడు. ఎనిమిది ఆదివారాలు అయిపోయాక ఇంకో రెండు వెళ్లాడు.

కాలేజీ బాకీ నేను కట్టి మెమో తీసుకున్నాను. ఎంపీసీ మళ్లీ వద్దన్నాడు. ప్రొబేషన్ ఆఫీసరే ఐటీఐ అడ్మిషన్ల గురించి చెప్పారు. మోటారు మెకానిక్ ట్రేడ్‌లో చేరాడు. అమ్మ భయపడింది, మళ్లీ బళ్ల దగ్గరికేనా అని. నాకూ భయమేసింది. ఇప్పటికీ వాడు పది నిమిషాలు ఆలస్యమైతే నా గుండె దడదడలాడుతుంది. ఫోన్ చేసి ఎక్కడున్నావని అడుగుతాను. వాడు విసుక్కోకుండా చెప్తాడు, అదే నన్ను ఇంకా బాధ పెడుతుంది. పదిహేడేళ్ల పిల్లాడు అక్క మీద విసుక్కోవాలి.

సిలిండర్ ఇప్పుడు ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఎక్కిస్తాం. రాత్రి బస్సు దిగాక నేనే నడిచొస్తాను. అప్పు ఎంత మిగిలిందో వాడు అడిగితే, "అది నా పని" అంటాను.

ఆధార్ దిద్దించడానికి ఆ ఆగస్టులో వెళ్లాం, వాడి పుట్టినరోజు తర్వాతి శనివారం. సెంటర్లో టోకెన్ నలభై మూడు. కౌంటర్లో అమ్మాయి మెమో చూసి, "డేట్ ఆఫ్ బర్త్ ఒక్కసారే మారుతుంది, సరిగ్గా చూసుకోండి" అని స్క్రీన్ మా వైపు తిప్పింది. వాడు ముందుకు వంగి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు. పద్నాలుగు, ఎనిమిది, రెండు వేల ఆరు. "కరెక్టే" అన్నాడు. బయటికొచ్చి చెరకు రసం తాగుదామన్నాడు. వాడి గ్లాసులో ఐస్ ఎక్కువ వేశారని బండివాడితో గొడవ పెట్టుకున్నాడు.